నొప్పి లేని పాదము

(బేతంచెర్ల సంఘ కూడికలో స్త్రీల మైత్రి పక్షమున, మధుమేహముగల వారి పాద సంరక్షణను గూర్చి చేసిన ప్రసంగ పాఠము)

శతవార్షికోత్సవ కూడికలలో ఒక సాయంత్రమును ఆరోగ్య విషయములకు కేటాయించి, ఆ సమయమును స్త్రీల మైత్రికి అప్పగించిన పెద్దలకు కృతజ్ఞతలు. మాలో నర్సులుగా పనిచేసి రిటైరైనవారున్నారు, ఉపాధ్యాయినులున్నారు, ఇంటిపట్టున ఉండేవారున్నారు. అందరము కూర్చుని సిద్ధము చేసుకున్న మాటలివి. చదివేది ఒకరైనా మాట మా అందరిది.

ఏమి మాట్లాడవలెనని అనుకున్నప్పుడు మాలో గుండె అన్నవారున్నారు, కండ్లు అన్నవారున్నారు. చివరకు పాదములను ఎంచుకున్నాము. కారణమేమంటే, షుగరు ఉన్నవారిని పరామర్శించడానికి ఇండ్లకు వెళ్ళినప్పుడు అందరూ రక్తములో చక్కెర ఎంత ఉన్నదో చెబుతారు. ఏ మాత్ర ఏ పూట వేసుకుంటున్నారో చెబుతారు. అన్నము తగ్గించి జొన్నరొట్టె, కొర్రబువ్వ తింటున్నామంటారు. ఒకసారి కాళ్ళు చూపించండి అంటే మాత్రము నవ్వుతారు. "కాళ్ళకేమైందమ్మా, బాగానే ఉన్నాయి, నొప్పే లేదు" అంటారు. ఈ సాయంత్రము మేము చెప్పదలచినదంతా ఆ చివరి మాటను గూర్చియే. మధుమేహములో నొప్పి లేదన్నది మంచి కబురు కాకపోవచ్చును.

ముందు రెండు మూడు లెక్కలు చెప్పి ఆ పని ముగిస్తాము. భారత వైద్య పరిశోధన మండలి ఆధ్వర్యమున జరిగిన సర్వే ఫలితములు 2023లో వెలువడినవి. వాటి ప్రకారము మన దేశములో పెద్దవారిలో నూటికి 11 మందికి పైగా, అనగా సుమారు 10 కోట్ల మందికి మధుమేహమున్నది. పూర్వము దీనిని కలిగినవారి జబ్బు అనేవారు. ఆ మాట ఇప్పుడు చెల్లదు. బండల ఫ్యాక్టరీకి కూలికి పోయేవానికీ ఉన్నది, మిరపతోటలో కాయ కోసే ఆమెకూ ఉన్నది. మధుమేహమున్న ప్రతి నూరుగురిలో 19 నుండి 34 మందికి జీవితములో ఎప్పుడో ఒకప్పుడు కాలికి పుండు పడుతుందని వైద్యుల అంచనా. కాలు తీసివేయవలసి వచ్చిన మధుమేహ రోగులలో నూటికి 80 మందికి పైగా ఆ కథ ఒక పుండుతోనే మొదలైనది. మాకు ధైర్యము కలిగించినది కూడా ఈ చివరి లెక్కయే. కాలు పోవడము ఒక్క దినములో జరిగే పని కాదు. దానికి ముందు చిన్న పుండు ఉన్నది, ఆ పుండుకు ముందు ఒక బొబ్బో, ముల్లో, పగులో ఉన్నది. అక్కడ పట్టుకుంటే కాలు నిలుస్తుంది.

ఇక పాదములో జరిగేదేమిటో చూద్దాము. చాలా కాలము రక్తములో చక్కెర ఎక్కువగా ఉంటే నరములు చెడతాయి. శరీరములో అన్నిటికంటే పొడవైన నరములు పాదములకు పోయేవి గనుక అవే ముందు దెబ్బతింటాయి. మొదట తిమ్మిరి, మంట, చీమలు పాకినట్లుండుట. రాత్రిళ్ళు ఎక్కువ. కొంత కాలమునకు ఆ మంట తగ్గుతుంది. మందు పనిచేసి తగ్గితే మేలే. మందేమీ లేకుండనే తగ్గి, దానితో పాటు పాదము మొద్దుబారుతున్నదంటే నరము చచ్చిపోతున్నదన్నమాట. రోగి మాత్రము నయమైనదనుకుంటాడు. కొందరికి ఈ మంట, తిమ్మిరి కూడా రావు, తెలియకుండానే స్పర్శ పోతుంది. అదే సమయములో పాదములోని చిన్న కండరములను నడిపే నరములు కూడా చెడి వేళ్ళు కొక్కెములవలె వంగుతాయి. అప్పుడు బరువంతా వేళ్ళ మొదళ్ళ క్రింద ఒకే చోట పడి, అక్కడ చర్మము గట్టిపడి కాయ కాస్తుంది. ఆ కాయ చెప్పులో రాయివలె లోపలి మాంసమును నలుపుతూనే ఉంటుంది. పైకి కాయ కనబడుతుంది, దాని క్రింద పుండు తయారవుతూ ఉంటుంది. చెమట పట్టించే నరములు కూడా చెడిపోవుట చేత చర్మము ఎండి మడమలు పగులుతాయి. మన సీమ ఎండకు, పొడిగాలికి ఆరోగ్యవంతుల మడమలే పగులుతాయి, వీరి సంగతి చెప్పనక్కరలేదు.

మరొక ప్రక్క రక్తనాళములు సన్నబడతాయి. పుండు మానడానికి కావలసిన రక్తము అంత దూరము చేరదు. బీడీ, సిగరెట్టు, నమిలే పొగాకు వీటికి మరింత చేటు. ఈ విషయములో మగవారితో వాదించి మేము అలసినాము గనుక ఇంతకంటే చెప్పము.

స్పర్శ పోవుట ఎంత ప్రమాదమో లోకమునకు తేటగా చూపినది షుగరు ఆసుపత్రి కాదు, కుష్ఠు ఆసుపత్రి. ఆ కథ మనకు దూరముది కాదు. మన ప్రాంతము నుండి పెద్ద జబ్బులకు రైలెక్కి కాట్పాడిలో దిగి పోయే రాయవేలూరు ఆసుపత్రి మీ అందరికీ తెలుసు. డాక్టర్ ఐడా స్కడర్ 1900లో ప్రారంభించిన సేవ అది. 1946లో అక్కడికి డాక్టర్ పాల్ బ్రాండ్ అను శస్త్రవైద్యుడు వచ్చినారు. ఆయన 1914లో తమిళనాడులోని కొల్లి కొండలలో మిషనరీ తలిదండ్రులకు పుట్టినవారు. ఆ రోజులలో అందరూ, డాక్టర్లు సహితము, కుష్ఠు రోగుల వేళ్ళు ఆ రోగము చేతనే కుళ్ళి రాలిపోతాయని నమ్మేవారు. బ్రాండ్ గారు వారి చేతులను, పాదములను శ్రద్ధగా పరిశీలించి, వాటికి ఆపరేషన్లు చేసి చూడగా ఆ గాయములు ఇతరుల గాయములవలెనే మానుతున్నవి. మాంసములో దోషము లేదు. మరి వేళ్ళు ఎందుకు పోతున్నవి?

ఆయనా, ఆయన తోటివారూ రోగుల దినచర్యను దగ్గరగా గమనించినారు. ఒకడు కాలే గిన్నెను వట్టి చేతితో దించుతాడు. ఒకడు మేకు గుచ్చుకున్న చెప్పుతోనే దినమంతా నడుస్తాడు. అరికాలిలో పుండున్న రోగి కుంటకుండా నడిచి వస్తాడు. మనకు కాలిలో చిన్న ముల్లుంటే కుంటుతాము, ఆ కుంటే కాలికి విశ్రాంతి. వారికి కుంటు లేదు గనుక విశ్రాంతి లేదు. కొందరి వేళ్ళు రాత్రికి రాత్రి మాయమగుట చూచి, కాపలా ఉండి చూస్తే, ఎలుకలు కొరుకుతున్నవి. నిద్రించేవానికి తెలియదు. అటు తరువాత రోగులు తమతో పిల్లులను ఉంచుకొనే ఏర్పాటు చేసినారు. వినడానికి వింతగా ఉన్నదా? ఇంట్లో జొన్నలు, శనక్కాయలు మూటలు కట్టిపెట్టుకొనే మనకు ఎలుకలు కొత్తవి కావు. షుగరుతో మొద్దుబారిన పాదములను ఎలుక కొరికిన సంగతులు మన దేశపు డాక్టర్లు నేటికీ చూస్తున్నారు. నేల మీద పడుకొనేవారు మంచము మీదికి మారండి, కాళ్ళు దుప్పటిలో ఉండనివ్వండి.

1960 దశకములో బ్రాండ్ గారు అమెరికాలో లూసియానా రాష్ట్రమందలి కార్విల్ కుష్ఠు ఆసుపత్రికి వెళ్ళినారు. అక్కడ ఆయనకు మధుమేహ రోగుల కాళ్ళు చూచే అవకాశము కలిగినది. చూడగా అవే పుండ్లు, అవే చోట్ల. రోగము వేరు, కారణమొక్కటే: నొప్పి తెలియకపోవుట. కుష్ఠు రోగులకు నేర్పినదంతా షుగరు రోగులకు నేర్పినారు. నేడు ప్రపంచమంతటా మధుమేహ రోగుల పాదములకు చెప్పే జాగ్రత్తలలో పెద్ద భాగము ఆ పాఠములోనిదే.

ఆయన చేసిన ఒక ప్రయత్నము మాకు మిక్కిలి ఆసక్తి కలిగించినది. నొప్పి పోయినవారికి కృత్రిమముగా నొప్పిని తయారు చేసి ఇవ్వవలెనని ఇంజనీర్లతో కలిసి కొన్ని సంవత్సరములు శ్రమించినారు. చేతితొడుగులలో, మేజోళ్ళలో చిన్న పరికరములు అమర్చి, ఒత్తిడి ఎక్కువైతే శబ్దము వచ్చేటట్లు చేసినారు. రోగులు ఆ శబ్దమును లెక్కచేయలేదు. విద్యుత్తు చురక పెట్టి చూచినారు. చేయదలచిన పనికి అడ్డు వస్తే రోగులు దానిని ఆపివేసి పని చేసుకున్నారు. చివరకు ఆ ప్రయత్నము మానుకున్నారు. నొప్పి మన మాట వినదు, దానిని ఆపడానికి మీట లేదు, అందుకే అది పనిచేస్తుంది. యంత్రమునకు సాధ్యము కాని ఆ పనికి బదులు మనకు మిగిలినవి కండ్లు, చేతులు. అవి రోగివే కానక్కరలేదు, ఇంటివారివి కావచ్చును.

ఇప్పుడు మన ఊరికి వద్దాము. బేతంచెర్ల అంటే బండలు. నాపరాయి మన అన్నము, మన ఇంటి నేల, మన వీధి అరుగు. క్వారీలో, పాలిష్ ఫ్యాక్టరీలో కత్తివలె ఉండే రాతి పెళ్ళల మధ్య నడిచేవారు మనలో ఎందరో ఉన్నారు. కోత మిషన్ల దగ్గర దినమంతా నీటిలో, రాతి బురదలో నిలిచే కాళ్ళు నాని, వేళ్ళ సందులు పాచిపోతాయి. ఫ్యాక్టరీ వదిలి చేనికి పోతే కంప ముల్లు, పల్లేరు కాయ, పత్తికట్టె కోసిన మోడు. ఇక ఏప్రిల్, మే నెలలలో ఎండ నలభై డిగ్రీలు దాటినప్పుడు మధ్యాహ్నపు బండ మీద కాలు పెడితే మనకు చురుక్కుమంటుంది, గంతు వేస్తాము. స్పర్శ లేనివారు ఆ బండ మీదనే నిలబడి మాట్లాడుతారు. సాయంత్రము అరికాలంతా బొబ్బలు. ఎప్పుడు కాలినదంటే చెప్పలేరు. ఇటువంటి ఊరిలో షుగరున్నవారు చెప్పులు లేకుండ గడప దాటరాదు. ఇంటి లోపల కూడా చెప్పులు లేకుండ తిరుగరాదని డాక్టర్లు చెబుతారు. ఇది మన అలవాటుకు ఎదురని మాకు తెలుసు. పొయ్యి దగ్గరి నిప్పురవ్వకు, విరిగిన గాజుముక్కకు మన అలవాట్లు తెలియవు గదా. ఇంటిలోపలికని ఒక మెత్తని జత వేరుగా పెట్టుకుంటే సరిపోతుంది.

ఇక్కడ మేము కొంచెము ధైర్యము చేసి ఒక మాట చెప్పవలెను. మందిరము వెలుపల చెప్పులు విడుచుట మన పెద్దల నుండి వచ్చిన మర్యాద. మోషే చెప్పులు విడిచిన సంగతి ఎరుగనివారు మనలో లేరు. ఆ మర్యాదను మేమూ ప్రేమిస్తాము. అయితే పాదములలో స్పర్శ పోయిన ముసలివారు ఆదివారము పదకొండు గంటలకు ఆరాధన ముగిసి, ఎండకు కాలిన బండల మీద తమ చెప్పుల కొరకు వెదకుట మేము చూస్తున్నాము. శుభ శుక్రవారము నాడు వట్టి కాళ్ళతో ఊరేగింపులో నడిచేవారిలోను షుగరున్నవారు ఉన్నారు. పెద్దలకు మా మనవి ఏమంటే, షుగరున్నవారు మందిరము కొరకు వేరుగా శుభ్రమైన మెత్తని చెప్పుల జత ఉంచుకొని దానితో లోపలికి వచ్చుటకు సెలవియ్యండి. గుమ్మము దగ్గర నీడలో ఒక బల్ల వేయించండి, కూర్చుని మార్చుకుంటారు. ఇందులో ఎవరికీ అభ్యంతరముండదని మా నమ్మకము. ఉన్నచో ఇక్కడే లేచి చెప్పండి, మాట్లాడుకుందాము.

చెప్పులనగానే ఏ చెప్పులని అడుగుతారు. వేలూరు, కరిగిరి ఆసుపత్రులలో చెక్క, మైనము, ప్లాస్టిక్కు అన్నీ ప్రయత్నించి, కడకు గాలి బుడగలు నిండిన ఒక మెత్తని రబ్బరు మేలని తేల్చినారు. దానిని మైక్రోసెల్యులర్ రబ్బరు అంటారు, పొడిగా ఎం.సి.ఆర్. చెప్పులని అడిగితే పెద్ద ఊర్ల ఆసుపత్రులలో తెలుస్తుంది. పైన మెత్తగా, అడుగున ముల్లు దిగని గట్టి అట్ట ఉండవలెను. బొటనవ్రేలి సందులో దూర్చుకొనే హవాయి చెప్పు వీరికి పనికిరాదు. ఆ పట్టీ వేళ్ళ మధ్య ఒరుస్తుంది, పైగా చెప్పు జారిపోయినా తెలియక వట్టి కాలితో నడిచి పోతారు. మడమ వెనుక పట్టీ ఉండవలెను. మేకులు కొట్టిన టైరు చెప్పులు అసలే వద్దు. కొనేటప్పుడు సాయంత్రము కొనండి, అప్పటికి పాదము కొంత ఉబ్బి ఉంటుంది. కొత్త జతను మొదటి దినము ఒక గంట తొడిగి, విప్పి, ఎక్కడైనా ఎర్రబడినదేమో చూచి, మెల్లగా పెంచుకోండి. తొడిగే ప్రతిసారి చెప్పును తిరగేసి దులిపి, లోపల వేలు పెట్టి తడిమి, అడుగున ముల్లు దిగినదేమో చూడండి. మన ఊరిలో చెప్పులో రాతిపెళ్ళ లేని దినము అరుదు.

స్త్రీలకు ప్రత్యేకముగా ఒక మాట. మెట్టెలు బిగుతుగా ఉన్నవా చూచుకోండి. వేలు ఉబ్బి మెట్టె మాంసములోనికి కోసుకొనిపోయినా స్పర్శ లేనివారికి తెలియదు. తీసి పెట్టెలో పెట్టుకుంటే తప్పు లేదు.

రోజూ చేయవలసిన పని చిన్నదే. రాత్రి పడుకొనే ముందు కాళ్ళు సబ్బుతో కడిగి, మెత్తని గుడ్డతో తుడిచి, వేళ్ళ సందులు ప్రత్యేకముగా ఆరబెట్టవలెను. నీళ్ళు వెచ్చనా, వేడియా అన్నది పాదముతో చూడరాదు, ఇంటిలో మరొకరు మోచేతితో చూడవలెను. గంటల తరబడి నానబెట్టరాదు. మడమలకు, అరికాళ్ళకు కొబ్బరినూనె పూయండి, వేళ్ళ సందులలో మాత్రము వద్దు, అక్కడ తడి నిలిస్తే పాచిపోతుంది. తరువాత వెలుతురులో పాదమును తిప్పి చూడవలెను: పైన, క్రింద, మడమ, ప్రతి వేలి సందు. వంగలేనివారు నేల మీద అద్దము పెట్టి చూచుకోవచ్చును. అయితే షుగరున్న పెద్దవారికి కంటిచూపు కూడా తగ్గి ఉంటుంది గనుక మేము అద్దమును నమ్మము, మనుమరాలిని నమ్ముతాము. ఇంట్లో పిల్లలకు ఈ పని అప్పగించండి. బడిపిల్లల కండ్లకు కనబడని ముల్లు లేదు. ఎర్రదనము, బొబ్బ, పగులు, తడి, నల్లమచ్చ, ఏది కనబడినా చెప్పమనండి. చేతి వెనుక భాగముతో రెండు పాదములను తాకి చూడమనండి. ఒకటి చల్లగా, ఒకటి వెచ్చగా ఉంటే లోపల ఏదో జరుగుతున్నది. గాయము లేకుండానే, నొప్పి లేకుండానే ఒక పాదము ఎర్రబడి, వాచి, వెచ్చబడితే లోపలి ఎముకలు దెబ్బతింటూ ఉండవచ్చును. బెణికినదనుకొని నూనె రుద్దించి నడిపిస్తే పాదము ఆకారమే మారిపోతుంది. వెంటనే డాక్టరుగారికి చూపించండి.

గోళ్ళు అడ్డముగా, సూటిగా కత్తిరించండి, మూలలు లోతుగా తవ్వకండి. కాయలను, ఆనెలను బ్లేడుతో చెక్కుట మన ఇండ్లలో సర్వసామాన్యము. దయచేసి మానండి. ఆనెలకని అంగడిలో అమ్మే మందుపట్టీలలో ఆమ్లముంటుంది, అది మంచి చర్మమును కూడా కాలుస్తుంది. కాళ్ళు చల్లబడినవని ఇటుక కాచి కాపడము పెట్టుట, డిసెంబరు చలికి కుంపటి దగ్గర కాళ్ళు చాపుట, ఇవి రెండూ మేము ఎక్కువగా భయపడేవి.

ఇంత జాగ్రత్తపడినా పుండు పడినదనుకుందాము. పసుపు, కాఫీపొడి, బూడిద, సున్నము, ఆకుపసరు ఏదీ పెట్టకండి. మంచినీటితో కడిగి, శుభ్రమైన పొడిగుడ్డ కట్టి మరునాటికల్లా డాక్టరుగారికి చూపించండి. మన ఊరి ప్రభుత్వ ఆసుపత్రిలో చూపించి, వారు పొమ్మంటే నంద్యాలకో, కర్నూలుకో పోవలెను. వాసన వచ్చినా, చీము పట్టినా, చుట్టూ ఎరుపు ప్రాకినా, వేలు నల్లబడినా, జ్వరము వచ్చినా మరునాటి వరకు ఆగరాదు, ఆ పూటనే బయలుదేరవలెను. పాదములలో జబ్బు పుట్టిన ఆసా రాజు వైద్యులను నమ్ముకున్నాడని ఎత్తిచూపి, ఆసుపత్రికి పోనక్కరలేదని బోధించేవారు అక్కడక్కడ ఉన్నారు. ఆ రాజు మీద వచ్చిన తప్పు దేవుని మరచినందుకే గాని, వైద్యుని పిలిచినందుకు కాదని మా అభిప్రాయము. ప్రార్థన చేయండి, చేసి బస్సెక్కండి.

మందుతో పాటు, కొన్ని సమయములలో మందుకంటే ఎక్కువగా, అరికాలి పుండును మాన్పేది విశ్రాంతి. దాని మీద బరువు పడరాదు. ఇందుకొరకే మోకాటి క్రింది నుండి పాదమంతా అంటి ఉండేటట్లు సిమెంటు కట్టు వేసే పద్ధతి ఉన్నది. బ్రాండ్ గారు దీనిని అమెరికాలో ప్రచారములోనికి తెచ్చినారు. ఆ కట్టులో బరువు ఒక్క చోట పడక అంతటా పంచబడుతుంది. ఎన్నో నెలలుగా మానని పుండ్లు కొన్ని వారములలో మానుట దీని వలన సాధ్యమైనది. రక్తప్రసారము లేని కాలికి, చీము పట్టిన పుండుకు ఇది పనికిరాదు గనుక తెలిసిన డాక్టరే నిర్ణయించవలెను.

విశ్రాంతి అనగానే మాకు ఎదురయ్యే ప్రశ్న ఒకటున్నది, దానిని దాటవేయము. "ఆరువారాలు కూర్చోమంటే బువ్వెవరు పెడతారమ్మా?" అని బండల కూలీ అడుగుతాడు. అతనికి జాగ్రత్తలు చదివి వినిపించుట సులభము. అతడు పుండుకు గుడ్డ చుట్టుకొని పనికి పోవుట అజ్ఞానము చేత కాదు, ఇంట్లో గింజలు లేనందుచేత. ఆరువారములు కూర్చొనలేనివాడు తరువాత కాలు పోగొట్టుకొని జీవితమంతా కూర్చుంటున్నాడు. మా స్త్రీల మైత్రిలో వారము వారము పిడికెడు బియ్యము కూడబెడుతున్నాము. ఆ బియ్యమును ఈ సంవత్సరము నుండి ముందుగా ఇటువంటి కుటుంబములకు, పుండు మానేవరకు, ఇవ్వవలెనని మేము తీర్మానించుకున్నాము. బియ్యము చాలదు. పప్పు, నూనె, పిల్లల బడి ఖర్చు సంఘము చూడగలదా అని పెద్దలను అడుగుతున్నాము. ఫ్యాక్టరీలు నడిపేవారు మన మధ్య ఉన్నారు. మీ దగ్గర పనిచేసేవానికి కాలు పుండైతే ఆ ఆరువారములు కూర్చుని చేసే పని, లెక్క వ్రాసేదో, కాపలాయో, ఇవ్వగలరా? అడుగుట మా వంతు.

సంవత్సరమునకు ఒకసారైనా డాక్టరుగారి చేత పాదములకు పరీక్ష చేయించుకోవలెను. పది గ్రాముల ఒత్తిడికి వంగే ఒక సన్నని నైలాను దారముతో అరికాలిని తాకి చూస్తారు, నాడి చూస్తారు. నొప్పి ఉండదు, నిమిషముల పని. డాక్టరుగారు అడగకపోతే మీరే చెప్పులు విప్పి కాలు చూపించండి.

ఆ దారము లేకుండానే ఇంట్లో చేయదగిన పరీక్ష ఒకటున్నది. ఇంగ్లండులోని ఇప్స్‌విచ్ పట్టణపు వైద్యులు రూపొందించినారు. ఈ రాత్రి ఇంటికి పోయినాక చేయండి. షుగరున్నవారిని పడుకోబెట్టి కండ్లు మూసుకొనమనండి. మీ చూపుడు వ్రేలి కొనతో వారి కాలి బొటనవ్రేలు, మధ్యవేలు, చిటికెనవేలు కొనలను ఒక్కొక్కటిగా, రెండు కాళ్ళకూ, మెల్లగా తాకండి. గుచ్చవద్దు, నొక్కవద్దు, గీకవద్దు. ఒకటి రెండు సెకండ్లు చాలును. తెలిసినప్పుడు కుడి అనో, ఎడమ అనో చెప్పమనండి. చెప్పకపోతే రెండవసారి తాకి అడగవద్దు, తెలియలేదనే లెక్క. మొత్తము ఆరు వేళ్ళు. అందులో రెండుగాని అంతకంటే ఎక్కువగాని తెలియకపోతే ఆ పాదములలో స్పర్శ తగ్గినదన్నమాట. ఆ సంఖ్యను కాగితము మీద వ్రాసి, తారీఖు వేసి, షుగరు చీటీలతో పాటు పెట్టి, ఈ వారములోనే డాక్టరుగారికి చూపించండి. వచ్చే ఆదివారము ఆరాధన తరువాత మాలోని నర్సులు మందిరపు వరండాలో కూర్చుని ఉంటారు. ఇంట్లో తాకి చూచేవారు లేనివారు అక్కడికి రండి.